పిల్లల ఎముక కంతులు: చికిత్స ఎట్లు మెరుగుపడినది

పదమూడు, పదునాలుగేండ్ల పిల్లవాడు సాయంకాలము ఆటనుండి ఇంటికి వచ్చి మోకాలు నొప్పి అనును. ఎక్కడనో పడియుండునని తల్లి కాపడము పెట్టును. రెండు మూడు దినములలో నొప్పి తగ్గును. ఇంటివారు ఆ మాట మరచిపోవుదురు. దాదాపు ఎల్లప్పుడును జరుగునది ఇదే.

కాని ఎన్నడో, ఎక్కడనో ఒక పిల్లవానికి ఆ నొప్పి తగ్గదు. వారములు గడచినకొలదియు హెచ్చును. రాత్రివేళ నిద్రనుండి లేపును. మోకాటికి పైననో క్రిందనో గట్టి వాపు కనిపించును. ఎముకలో పుట్టిన కంతికి అది గుర్తు కావచ్చును. ఇట్టి కంతులు పిల్లలలో మిక్కిలి అరుదు. అయినను, అవి సోకిన పిల్లల బ్రదుకు గత అరువది ఏండ్లలో ఎంత మారినదో, ఆ మార్పు ఏ విధముగా వచ్చినదో తెలిసికొనుట ప్రతి కుటుంబమునకును ఉపయోగకరమని తలచి మేము ఈ ప్రసంగమునకు పూనుకొన్నాము.

ఎముకలలోను, కండరములు మొదలైన మెత్తని భాగములలోను పిల్లలకు పుట్టు క్యాన్సరు కంతులలో ముఖ్యమైనవి మూడు. మొదటిది ఆస్టియోసార్కోమా. ఎముకను నిర్మించు కణములే కట్టుతప్పి మితిమీరి పెరుగుట దీని స్వభావము. పిల్లలు త్వరత్వరగా పొడుగెదుగు వయసులో, ఆ ఎదుగుదల మిక్కుటముగా నుండు చోటనే ఇది తరచు పుట్టును. అందుచేతనే మోకాటికి పైనను క్రిందను గల ఎముకలు దీనికి ముఖ్యస్థానములైనవి.

రెండవది యూయింగ్ సార్కోమా. 1921లో అమెరికా వైద్యుడు జేమ్స్ యూయింగ్ దీనిని వర్ణించినందున ఆయన పేరు దీనికి నిలిచెను. ఇది కటిభాగము, ప్రక్కటెముకలు, తొడ ఎముక మొదలగు చోట్ల పుట్టును. ఒక్కొక్కప్పుడు ఎముకతో సంబంధము లేకయే మెత్తని భాగములలోను తలయెత్తును. మూడవది రాబ్డోమయోసార్కోమా. కండరముగా మారవలసిన కణముల లక్షణములు దీని కణములలో కనిపించును. ఇది చిన్నపిల్లలలో ఎక్కువ. కంటిగూటిలోను, ముక్కు వెనుకభాగమునను, మూత్రాశయ ప్రాంతమునను, చేతులలోను కాళ్ళలోను కనిపించును.

ఈ మూడింటిలో ఆస్టియోసార్కోమా కథ పరిశోధనామార్గమును చక్కగా విశదము చేయును గనుక, దానినే కొంత వివరముగా చెప్పుదుము.

1970కి పూర్వము ఈ వ్యాధికి వైద్యుల చేతిలో నున్న ఉపాయము ఒక్కటే: కాలినో చేతినో తీసివేయుట. శస్త్రము చక్కగా జరిగెడిది, గాయము మానెడిది, పిల్లవాడు కర్రలసాయమున నడచుచు ఇల్లు చేరెడివాడు. కాని కొన్ని మాసములలోనే దగ్గు, ఆయాసము మొదలయ్యెడివి. ఎక్స్‌రే తీయగా ఊపిరితిత్తులలో కంతులు కనిపించెడివి. కాలు పోగొట్టుకొన్న పిల్లలలో నూటికి ఎనుబదిమందికి పైగా ఈ విధముగనే ప్రాణమును కూడ కోల్పోయిరి.

దీనికి కారణమేమి? శస్త్రవైద్యుడు కాలిలోని కంతిని చూచునాటికే దానినుండి కొన్ని కణములు రక్తముతో పోయి ఊపిరితిత్తులలో చేరియున్నవి. అవి ఎక్స్‌రేకు అందనంత సూక్ష్మములు. పొలములోని కలుపుమొక్కను పెరికివేసినను, అప్పటికే గాలికి రాలిన విత్తనములు వాన పడగనే మొలచునుగదా! కత్తి చేరలేని చోటికి చేరగల మందు కావలసియుండెను.

అట్టి మందులలో మొదటితరమునకు చెందినదాని పుట్టుపూర్వోత్తరములు తెలుగువారికి ఆసక్తి కలిగించును. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాకు పోయి, 1940 తరువాత లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలు నడపిరి. అచ్చట ఆయన బృందమువారు ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేయగలిగిరి. కణములు విభజన పొందుటకు ఈ ఫోలిక్ ఆమ్లము అవసరము. దానిని పోలియుండి, దాని పనిని మాత్రము అడ్డగించు పదార్థములను కూడ వారే రూపొందించిరి. వానిలో ఒకటియైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు రక్తక్యాన్సరు సోకిన పిల్లలకు ఇచ్చి, వ్యాధి కొంతకాలము అణగుట చూచి 1948లో ప్రకటించెను. ఆ సంవత్సరమే సుబ్బారావు గారు స్వర్గస్థులైరి. అదే ప్రయోగశాలనుండి వెలువడిన మెథోట్రెక్సేట్ అను మందు తరువాతి కాలమున ఎముక కంతుల చికిత్సకు ఆధారమయ్యెను.

సామాన్యమైన మోతాదులలో మెథోట్రెక్సేట్ ఎముక కంతిని అంతగా కదలింపలేదు. 1970 దశకము తొలి సంవత్సరములలో బోస్టన్‌లోని నార్మన్ జాఫీ మొదలగు వైద్యులు సాహసోపేతమైన పద్ధతి నొకదానిని అవలంబించిరి. మామూలుగా మనుష్యుడు తట్టుకొనలేనంత అధికమైన మోతాదును రక్తములోనికి ఎక్కించి, కొన్ని గంటల పిమ్మట ల్యూకోవోరిన్ అను విరుగుడును ఇచ్చుచు వచ్చిరి. ఈ విరుగుడు కూడ ఫోలిక్ ఆమ్లమునకు దగ్గరి చుట్టమే. ఇది శరీరములోని మంచి కణములను కాపాడును. రక్తములో మందు ఎంత మిగిలియున్నదో కొలుచుచు, అది తగ్గువరకు విరుగుడు ఇచ్చుచునే యుండవలెను. ఈ పద్ధతివలన కొందరి పిల్లల ఊపిరితిత్తులలోని కంతులు కరగుట కనిపించెను. అదే కాలమున ఎర్రని రంగుగల డాక్సోరుబిసిన్, తరువాత ప్లాటినము ధాతువునుండి చేసిన సిస్ప్లాటిన్ వాడుకలోనికి వచ్చెను. ఈ మూడు మందులే నేటికిని ఈ వ్యాధి చికిత్సకు మూలస్తంభములు.

ఈ మార్పును స్వయముగ చూచినవారిలో కెనడా యువకుడు టెర్రీ ఫాక్స్ ఒకడు. 1977లో, పదునెనిమిదేండ్ల వయసున, ఈ వ్యాధి వలననే అతని కుడికాలు మోకాటికి పైగా తీసివేయబడెను. మందులు తీసికొన్నచో బ్రదుకుటకు సగము పాలు అవకాశము కలదని వైద్యులు చెప్పిరి. రెండేండ్లకు పూర్వమైనచో ఆ అవకాశము నూటికి పదునైదు మాత్రమే. రెండేండ్ల పరిశోధన తన ఆయువును ఎట్లు మార్చినదో ఆ యువకుడు గ్రహించెను. 1980లో పరిశోధనలకై ధనము కూడబెట్టుటకు కృత్రిమపాదముతో కెనడాదేశమునకు అడ్డముగా పరుగు ప్రారంభించి, 143 దినములలో 5,373 కిలోమీటర్లు పరుగెత్తెను. ఊపిరితిత్తులలో వ్యాధి తిరుగబెట్టినందున పరుగు ఆగిపోయెను. 1981 జూన్‌లో అతడు మరణించెను. అవకాశము సగమనగా, మిగిలిన సగము కూడ ఉన్నదని అతని జీవితము చెప్పుచున్నది.

ఇక మేము ముఖ్యముగా చెప్పదలచిన విషయమునకు వచ్చుచున్నాము. మందు ఇచ్చిన పిల్లలు మునుపటికంటె ఎక్కువమంది బ్రదుకుచుండిరి. కాని అది మందు ప్రభావమేనా? ఈ ప్రశ్న వినుటకు నిర్దయగా తోచవచ్చును. అయితే, అదే కాలమున స్కానింగు యంత్రములు వచ్చి, ఊపిరితిత్తులలోని చిన్న కంతులను గూడ ముందుగనే చూపుచుండెను. అట్టివి కనబడిన పిల్లలను వేరు చేయగా, మిగిలినవారి ఫలితము దానంతట అదే మెరుగుగా కనిపించును. శస్త్రములును మెరుగుపడినవి. అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు, తమయొద్ద శస్త్రము మాత్రమే పొందిన పిల్లలు కూడ పూర్వముకంటె బాగుగనే ఉన్నారని చూపిరి. అది నిజమైనచో, గుండెను మూత్రపిండములను దెబ్బతీయగల ఇంత కఠినమైన మందులను పిల్లలకు నిష్కారణముగా ఇచ్చినట్లగును.

సందేహమును తీర్చుటకు మార్గ మొకటే. ఒకే విధమైన వ్యాధిగల పిల్లలను చీటీలు తీసినట్లు రెండు తెగలుగా పంచి, ఒక తెగకు శస్త్రముతోపాటు మందులను, మరొక తెగకు శస్త్రమును మాత్రమే ఇచ్చి ఫలితములను పోల్చవలెను. అమెరికాలోని పలు ఆసుపత్రులు కలసి 1982లో ఈ పరీక్షను ప్రారంభించినవి. బిడ్డకు ఏ చికిత్స వచ్చునో చీటీకి వదలుట ఏ తల్లిదండ్రులకు సులభము? పెక్కుమంది తల్లిదండ్రులు అందుకు సమ్మతింపక తమకు తోచిన మార్గమును ఎంచుకొనిరి. 36 మంది పిల్లలు మాత్రమే చీటీపద్ధతిలో చేరిరి. అయినను, ఆ 36 మందియే జవాబు చెప్పగలిగిరి. రెండేండ్ల తరువాత చూడగా, శస్త్రము మాత్రమే పొందినవారిలో వ్యాధి తిరుగబెట్టనివారు నూటికి 17 మంది. మందులు కూడ పొందినవారిలో నూటికి 66 మంది. 1986లో ఈ ఫలితము ప్రకటితమైన పిమ్మట ఆ సందేహము మరల తలయెత్తలేదు. ఆ స్వల్పసంఖ్యాకులైన పిల్లలకును వారి తల్లిదండ్రులకును తరువాత పుట్టిన వేలకొలది పిల్లలు ఋణపడియున్నారు.

ఇదే కాలమున కాలిని నిలుపు ప్రయత్నములు కూడ సాగినవి. కంతిగల ఎముకభాగమును మాత్రమే తొలగించి, ఆ స్థానమున లోహముతో చేసిన ఎముకను కీలును అమర్చవచ్చును. కాని ఆ దినములలో ఒక్కొక్క రోగి కొలతలనుబట్టి దానిని తయారుచేయుటకు రెండు మూడు మాసములు పట్టెడిది. న్యూయార్కులో జెరాల్డ్ రోజెన్ మొదలగు వైద్యులు ఆ వ్యవధిలో ఊరక వేచియుండక మందులను ముందుగనే ప్రారంభించిరి. తీరని అవసరమునుండి పుట్టిన ఈ ఏర్పాటు గొప్ప మేలు చేసినది. శస్త్రములో తీసిన కంతిని సూక్ష్మదర్శినితో పరీక్షించినప్పుడు, మందుకు ఎన్ని కణములు చచ్చినవో తెలిసెను. నూటికి 90 పాళ్ళకు మించి చచ్చినచో ఆ రోగికి భవిష్యత్తు ఆశాజనకము. తక్కువ చచ్చినచో అపాయము హెచ్చు. నేడు ఈ పిల్లలలో అత్యధికులకు కాలు తీసివేయు అవసరము కలుగుట లేదు. ఎదుగుచున్న పిల్లలకై, ఎదుగుదలతోపాటు పొడిగింపదగిన లోహపు ఎముకలు కూడ వచ్చినవి.

అయినచో, మందుకు లొంగని కంతిగల పిల్లలకు శస్త్రము తరువాత మరికొన్ని బలమైన మందులు చేర్చినచో మేలు కలుగదా? అవునని తోచుట సహజము. పెక్కు చోట్ల వైద్యులు అట్లే చేయుచుండిరి. దీనిని తేల్చుటకై 17 దేశములు కలసి 2005 మొదలు 2011 వరకు యూరామాస్ అను పరీక్షను నడపినవి. 2,260 మంది రోగులు అందులో నమోదైరి. 2016లో వెలువడిన ఫలితము నిరాశ కలిగించినది: అదనపు మందులు వ్యాధిని ఆపలేదు, బాధలను మాత్రము పెంచినవి. పరిశోధనలో ఇట్టి విఫలమునకు కూడ విలువ కలదు. ప్రయోజనము లేని విషమునుండి తరువాతి పిల్లలను తప్పించినది ఆ ఫలితమే.

ఇన్ని దేశములు ఏకము కావలసిన అవసర మేమని అడుగవచ్చును. అమెరికావంటి పెద్దదేశములో సైతము ఇరువది ఏండ్లలోపు వారిలో ఏడాదికి సుమారు 400 మందికి మాత్రమే ఆస్టియోసార్కోమా వచ్చును. ఒక ఆసుపత్రి ఒంటిగా ప్రయత్నించినచో చాలినన్ని అనుభవములు సమకూరుటకు ఒక తరము గడచిపోవును. అరుదైన వ్యాధికి కలసి పనిచేయుటయే మార్గము.

మిగిలిన రెండు వ్యాధులలోను ఈ పద్ధతియే ఫలించినది. యూయింగ్ సార్కోమాకు మందులను మూడు వారముల కొకసారి ఇచ్చుట ఆచారముగా నుండెను. తెల్లరక్తకణములను త్వరగా పెంచు మందు చేతికి వచ్చిన పిమ్మట, ఉత్తర అమెరికా వైద్యులు అవే మందులను అవే మోతాదులలో రెండు వారముల కొకసారి ఇచ్చి చూచిరి. 568 మంది రోగులలో ఈ రెండు విధములను పోల్చి 2012లో ఫలితము ప్రకటించిరి. వ్యాధి వ్యాపింపనివారిలో ఐదేండ్ల వరకు వ్యాధి తిరుగబెట్టక సుఖముగా నున్నవారు, మూడు వారముల పద్ధతిలో నూటికి 65 మంది. రెండు వారముల పద్ధతిలో 73 మంది. బాధలేమియు హెచ్చలేదు. కొత్త మందు ఏదియు లేదు. క్యాలెండరు మాత్రమే మారినది.

రాబ్డోమయోసార్కోమా విషయమున 1972లోనే అమెరికా వైద్యబృందములు కలసి ఒక ఉమ్మడి అధ్యయనసంఘమును ఏర్పరచుకొనినవి. ఒకప్పుడు నూటికి ఇరువదియైదుమంది పిల్లలు బ్రదికిన ఈ వ్యాధిలో, వ్యాపింపని కంతులు గలవారిలో నేడు డెబ్బదిమందికి పైగా బ్రదుకుచున్నారు. ఈ చికిత్సలో ముఖ్యమైన విన్‌క్రిస్టిన్ అను మందు మన పెరళ్ళలో తెల్లగను ఊదారంగునను పూయు బిళ్ళగన్నేరు మొక్కనుండి లభించినదే. ఆ జాతికే చెందిన వినోరెల్బిన్‌ను మరొక మందుతో కలిపి, చికిత్స ముగిసిన పిమ్మట ఆరు మాసములపాటు కొద్దికొద్ది మోతాదులలో ఇచ్చినచో ఏమగునో ఐరోపా వైద్యులు పరీక్షించిరి. అపాయము హెచ్చుగా గల 371 మంది రోగులు ఇందులో పాల్గొనిరి. అయిదేండ్ల తరువాత జీవించియున్నవారు, చికిత్సను యథావిధిగా నిలిపినవారిలో నూటికి సుమారు 74. ఆ ఆరుమాసముల మందు కొనసాగించినవారిలో సుమారు 87. ఇది 2019లో వెలువడిన ఫలితము.

ఇటీవలి పరిశోధన కణముల లోపలికి పోయినది. యూయింగ్ సార్కోమాలో రెండు వేర్వేరు జన్యువులు తెగి ఒకదానితో నొకటి అతుకుకొనుటయే మూలదోషమని 1992లో పారిస్ క్యూరీ సంస్థ పరిశోధకులు కనుగొనిరి. మూడు దశాబ్దములు గడచినను ఆ అతుకును సూటిగా అణచు మందు ఇంకను వాడుకలోనికి రాలేదు. అయితే, పసిబిడ్డలకు వచ్చు ఒకానొక మెత్తని కంతిలో ఇట్టిదే మరియొక అతుకు కలదు. దానిని అడ్డగించు లారోట్రెక్టినిబ్ అను మందుకు 2018లో అమెరికాలో అనుమతి లభించినది. ఒకప్పుడు కాలో చేయో తీయవలసివచ్చిన కొందరు పసివారు నోటితో పుచ్చుకొను మందుచే కంతి కరగి, అంగవైకల్యము లేక పెరుగుచున్నారు.

ఇంత జరిగినను చేయవలసినది చాలా ఉన్నది. వ్యాధి వ్యాపింపక ముందే చికిత్స పొందిన ఆస్టియోసార్కోమా రోగులలో నూటికి అరువది, డెబ్బదిమంది బ్రదుకుచున్నారు. ఊపిరితిత్తులకు వ్యాపించిన పిమ్మట వచ్చినవారిలో ముప్పదిమందియైనను దక్కుట కష్టముగానున్నది. 1980 దశకము నుండి ఈ సంఖ్యలు పెద్దగా కదలలేదు. బ్రదికినవారిలోను కొందరికి మందులవలన గుండె బలహీనపడుట, చెవులు సరిగా వినబడకుండుట కలదు. కావున ఎక్కువమందిని బ్రదికించుట, బ్రదికినవారిని ఆరోగ్యవంతులుగా నిలుపుట అను రెండు లక్ష్యములు నేటి పరిశోధకుల ముందున్నవి.

మన దేశమునకు ప్రత్యేకమైన చిక్కులు మరికొన్ని కలవు. అధిక మోతాదు మెథోట్రెక్సేట్ ఇచ్చుటకు రక్తములో దాని పాలును మాటిమాటికి కొలుచు సదుపాయము, ఆసుపత్రిలో పడక, ఖర్చు భరించు శక్తి అవసరము. ఇవి అంతట లభింపవు. అందుచేత ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు ఆ మందు లేకుండ, ఇతర మందులతో కూడిన చికిత్సాక్రమమును రూపొందించి వాడుచున్నారు. ఇతర దేశముల పద్ధతిని కన్నులు మూసికొని అనుకరింపక, మన పరిస్థితులకు తగినదానిని పరీక్షించి నిర్ణయించుకొనుట కూడ పరిశోధనయే.

అన్నిటికంటె పెద్దచిక్కు ఆలస్యము. పిల్లల ఎముకనొప్పి దెబ్బవలన కలిగినదని తలచి నాటుకట్లు కట్టించుట, వాపును గట్టిగా మర్దన చేయించుట మన యిండ్లలో కలదు. ఆ మాసములు తిరిగి రావు. నొప్పి మూడు, నాలుగు వారములు దాటినను తగ్గకున్నను, రాత్రులు హెచ్చుచున్నను, గట్టి వాపు తగిలినను మర్దన మాని, వైద్యునికి చూపి ఎక్స్‌రే తీయింపవలెను. ఎక్స్‌రేలో అనుమానము కలిగినచో, పరీక్షకై ముక్క తీయు పనిని తొందరపడి ఎక్కడనో చేయింపరాదు. ఏ ఆసుపత్రిలో చివరి శస్త్రము జరుగునో అక్కడనే దానిని చేయించుట మేలు. తప్పుచోట పెట్టిన చిన్న గాటు సైతము తరువాత కాలిని నిలుపుటకు అడ్డు కావచ్చును. నొప్పి తగ్గినదికదా అని చికిత్సను నడుమ మానుట మరింత ప్రమాదకరము; కంటికి కనబడని కణములకొరకే ఆ మిగిలిన మందులు.

ఎన్నడైన వైద్యులు తమ బిడ్డను ఒక పరిశోధనలో చేర్చుటకు అనుమతి అడిగినచో, తల్లిదండ్రులు బెదరనవసరము లేదు; వెంటనే తల యూపనవసరమును లేదు. ఏ రెండు చికిత్సలను పోల్చుచున్నారు, ఏది మేలో నిజముగనే తెలియదా, దానివలన కలుగు బాధ లేవి, కాదన్నచో మామూలు చికిత్స లభించునా అని నెమ్మదిగా అడిగి తెలిసికొనవలెను. మంచి వైద్యుడు ఈ ప్రశ్నలకు విసుగుకొనడు. ఏది మేలో తనకు ఇంకను తెలియదని ఒప్పుకొనుటకు సంకోచింపడు. 1982లో కొందరు వైద్యులు అట్లు ఒప్పుకొనినందుననే, కొందరు తల్లిదండ్రులు వారిని నమ్మినందుననే, నేడు మోకాటినొప్పితో ఆసుపత్రికి వచ్చిన పిల్లవాడు తన కాళ్ళమీద తాను నడచి ఇంటికి పోవుచున్నాడు.